శిఖిముఖిని అడవిలోకి పంపిందెవరు?

బెంగాల్‌లోని మా ప్రేమ్ బజార్ రైల్వే కుటుంబాల్లో కొందరు చందమామ సీరియల్ పేజీల్ని నెలనెలా చింపి, వరసగా పేర్చి దారంతో కుట్టుకునేవారు. అలా కుట్టిన ‘శిథిలాలయం’ ఒకటి నా దగ్గరుంది. మొదటి పేజీలో చిత్రా గీసిన బొమ్మ. ప్రతి భాగానికీ ముందు జరిగిన కథ, చివర ప్రాణగండం, ‘ఇంకా ఉంది’. కథానాయకులు శిఖిముఖి, విక్రమకేసరిలను పొలిమేర దాటించి అడవుల వెంట తిప్పినవారి పేరు మాత్రం ఏ పేజీలోనూ లేదు.

చాలామంది కొడవటిగంటి కుటుంబరావు గారే రాశారనుకున్నారు. 1952 నుంచి 1980లో పోయేదాకా పత్రికను నడిపింది ఆయనే మరి. ఆయన సొంత కథల్లో ఎక్కువగా కనిపించేవి మధ్యతరగతి ఇళ్ళే, మాంత్రికులు కాదు. కానీ ఇంతమాత్రాన తేల్చలేం, జానపద కథలు తిరగరాయడం ఆయనకు రోజూ ఉన్న పనే.

రెండో ఆనవాలు మా పక్కనే ఉంది. చందమామ స్థాపకుల్లో ఒకరు, బెంగాలీ నవలల్ని తెలుగు చేసిన చక్రపాణి, మాంత్రికులు ఇక చాలనుకుని, బంకించంద్రుడి ‘దుర్గేశనందిని’ని సీరియల్‌గా వేశారు. అందులోని మందారణ్ కోట ఉన్నది ఇక్కడికి దగ్గర్లోని హుగ్లీ జిల్లాలోనే. పాఠకులు ఒప్పుకోలేదు, పాత తరహా సీరియళ్ళే మళ్ళీ కావాలన్నారు. బంకించంద్రుడంతటివాడు కూడా భర్తీ చెయ్యలేని చెయ్యి అది!

అసలు చిక్కు విడిపోయేది ‘మృత్యులోయ’ సీరియల్ దగ్గర. అది వచ్చింది బొమ్మరిల్లులో. చందమామలో ‘రాకాసిలోయ’ చదివినవాళ్ళు ఆ చేతిని ఇట్టే పోల్చుకుంటారు. చందమామ సంపాదకుడు పోటీ పత్రికకు సీరియల్ రాస్తాడా? పేరు బయటికి రాని ఉద్యోగి అయితే రాయొచ్చు.

ఆ ఉద్యోగి దాసరి సుబ్రహ్మణ్యం. అప్పటి గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతంవారు. 1952లో చందమామలో చేరి, 2006 దాకా అక్కడే ఉన్నారు. 1954లో ‘తోకచుక్క’ నుంచి 1978లో ‘భల్లూక మాంత్రికుడు’ దాకా 12 సీరియళ్ళు ఆయనవే. సిబ్బంది రాసినవాటికి పేరు వెయ్యకపోవడం అప్పట్లో అక్కడి పద్ధతి. పద్ధతే కావచ్చు, నాకు మాత్రం అన్యాయంగానే తోస్తుంది. లక్షలమంది నెలంతా ఎదురుచూసిన రచయిత, 2010లో విజయవాడలో పోయేనాటికి కూడా చాలామందికి తెలియదు.

ఇప్పుడవి ఆయన పేరుతోనే పుస్తకాలుగా దొరుకుతున్నాయి. కొత్తగా చదివే పిల్లలకు నేనైతే ముందు ‘పాతాళదుర్గం’ ఇస్తాను. అందులోని ధూమకుడు, సోమకుడు ఒక్క పేజీ కూడా ఊరికే నిలబడరు.