జతలేని పరమాణు వరుస

మగ్గము నేసేవారు పాత పడుగు కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా అతుకుతారు. ఒకవైపు 25 పోగులు, రెండోవైపు 24 మాత్రమే ఉంటే ఒకటి జతలేక మిగులుతుంది. సిలికాన్ స్ఫటికముపై జెర్మేనియమ్ పొరను పెంచినపుడు ఎదురయ్యే చిక్కు ఇదే. సిలికాన్ జాలకములో ఒక్కొక్క గడి అంచు 5.43 ఆంగ్‌స్ట్రాములు, జెర్మేనియమ్‌లో 5.66. అందుచేత 25 సిలికాన్ గళ్లున్న చోట జెర్మేనియమ్ గళ్లు 24 మాత్రమే పడుతవి.

స్ఫటికాలలో స్థానభ్రంశములనే రేఖాలోపాలుంటవని 1934లో టేలర్, ఒరొవాన్, పొలాన్యీ వేర్వేరుగా ఊహించారు. లోహాలు అంత సులభముగా ఎందుకు వంగుతున్నవో చెప్పడానికి పుట్టిన ఊహ అది. అవి లోహపు రేకులో కదలటం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కనబడినది 1956లో, కేంబ్రిడ్జిలో. అంతకు ఏడేండ్లు ముందే, 1949లో, బ్రిస్టల్ విశ్వవిద్యాలయములో ఫ్రాంక్, వాన్ డెర్ మెర్వ్ ఈ ఊహను పలుచని పొరలకు వర్తింపజేశారు. కాగితము మీద లెక్కతోనే అంత సాహసించారు!

అలలవంటి గాళ్లున్న పలకపై, స్ప్రింగులతో కలిపిన బంతుల వరుసను ఊహించండి. బంతుల ఎడమునకు, గాళ్ల ఎడమునకు తేడా స్వల్పమైతే స్ప్రింగులు కుంచించుకొని ప్రతి బంతీ ఒక గాడిలో కూర్చుంటుంది. పొర కూడ అట్లే కుంచించుకొని అడుగు స్ఫటికముతో సరిపడుతుంది. కాని పొర మందమయ్యేకొద్దీ బిగువు శక్తి పేరుకుంటుంది. ఒక అవధి దాటితే, ఒక వరుసను జతలేకుండా వదలడమే చౌక. తేడా నూటికి నాలుగు పాళ్లున్న జెర్మేనియమ్‌కు ఆ అవధి కొద్ది పరమాణు పొరలే.

చౌక అన్నంత మాత్రాన దారి దొరకదు. లోపము ఎక్కడినుంచి వస్తుంది? 1974లో మాథ్యూస్, బ్లేక్‌స్లీ చెప్పిన సమాధానము ఇది. అడుగు స్ఫటికములో ముందే ఉన్న స్థానభ్రంశ రేఖ పైపొరలోనికి సాగుతుంది. పొరలోని బిగువు దానిని ప్రక్కకు నెట్టగా, అది రెండు స్ఫటికాల సరిహద్దు వెంట ఒక రేఖను పరచుకుంటూ పోతుంది. నెట్టే బలము మందముతోబాటు పెరుగుతుంది. అడ్డగించే రేఖా తన్యత అంతగా పెరగదు. ఈ రెండూ సమమయ్యే మందమే అవధి.

అయినా తక్కువ వేడిమిలో పెంచిన పొరలు ఆ అవధి దాటి కూడ లోపము లేకుండ నిలువగలవు. స్థానభ్రంశాలు చలిలో మందకొడిగా కదలడమే కారణము. తరువాత వేడిచేస్తే అవి బయలుదేరుతవి.

2003లో ఇంటెల్ సంస్థ ట్రాన్సిస్టరుకు ఇరుప్రక్కల సిలికాన్-జెర్మేనియమ్‌ను పెంచి, నడిమి సిలికాన్‌ను కావాలనే నొక్కిపట్టింది. ఆ నొక్కుడు వలన అందులో విద్యుత్తు త్వరగా సాగుతుంది. అక్కడ స్థానభ్రంశాలు పుడితే ఆ బిగువంతా సడలిపోతుంది.