చలనచిత్రములు – పరదేశ పరిచయము



బడిపిల్లలకు పాఠముగా సినిమా చూపుట తగునా యని మీలో పలువురకు సందేహము కలదు. అది పరదేశపు చిత్రమైనచో సందేహము మరింత హెచ్చును. నేను ఉపాధ్యాయుడను గనుక ఈ విషయపు పూర్వకథ కొంత మనవి చేసెదను.

బందరులో జన్మించిన రఘుపతి వెంకయ్యగారు మదరాసులో ఛాయాచిత్రములు తీయుచు, 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రమును కొని పరదేశపు బొమ్మలను ఊరూర ప్రదర్శించిరి. మన ప్రాంతపు కూలిజనము పొట్టకూటికై ఓడలెక్కి పోయిన బర్మాకును, సింహళమునకును గూడ దానిని గొనిపోయిరి. మదరాసున గెయిటీ ప్రదర్శనశాలను కట్టించిరి. జనులు తెరను చూచి అబ్బురపడిరి. కాని అబ్బురపడుట వేరు, తెలిసికొనుట వేరు.

1922లో రాబర్టు ఫ్లాహర్టీ తీసిన 'నానూక్' చిత్రమే ఇందుకు సాక్ష్యము. కెనడా దేశపు మంచుసీమలో నివసించు ఇనూయిట్ జనుల బ్రతుకును చూపి అది లోకమంతట కీర్తి గడించెను. అందు నాయకుడు గ్రామఫోను పలకను కొరికి చూచును, ప్రేక్షకులు నవ్వుదురు. నిజమునకు ఆయన గ్రామఫోను నెరుగనివాడు కాడు. నానూక్ అనునది ఆయన పేరును కాదు. అసలు పేరు అల్లకరియల్లక్. తుపాకులతో వేటాడ నేర్చినవారిచేత దర్శకుడు పాత ఈటెలు పట్టించెను. మన తెలుగు చిత్రములలో కొండవారికి ఈకలు కట్టి గంతులు వేయించుట మీరెరుగనిదా? సీతంపేట కొండలలోని సవరలను చూచినవారికి అదెంత కల్లయో తెలియును.

సవరలనగానే గిడుగు రామమూర్తి పంతులుగారు తలపునకు వత్తురు. 1863లో శ్రీకాకుళమునకు చేరువనున్న పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, సవరభాష వచ్చిన మనిషిని ఇంట నుంచుకొని ఆ భాష నేర్చిరి. సవర బిడ్డలకు వారి మాటలలోనే పుస్తకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు నడపిరి. (వ్యావహారికమునకై పోరాడిన ఆ మహనీయుని ఇట్లు గ్రాంథికమున స్మరించుట వినిన ఆయన నవ్వుకొందురేమో!) ఆయన ఏండ్లతరబడి చేసిన పనిని చలనచిత్రము గంటన్నరలో చేయజాలదు, శ్రీకారము మాత్రము చుట్టగలదు.

1979లో బొంబాయిలో అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవము ప్రారంభమయ్యెను. 1995లో అది హైదరాబాదునకు వచ్చి, అటుపిమ్మట 2017 వరకు అచట పలుమార్లు జరిగెను. తెలుగు బాలురు అనేక దేశముల చిత్రములను చూచిరి.

నేను మా పిల్లలకు చూపినది ఇరాను దేశపు చిత్రము. 1987లో అబ్బాస్ కియరొస్తామీ తీసినది. అహమ్మదను బాలుడు పొరబాటున తోడివాని నోటుపుస్తకమును ఇంటికి తెచ్చును. అందు పాఠము వ్రాయనిచో ఆ తోడివానిని బడినుండి వెళ్లగొట్టుదురు. వాని యిల్లు వెదకుచు అహమ్మదు కొండదాటి పొరుగూరికి పరుగెత్తును. నడుమ తాత పిలిచి సిగరెట్లు తెమ్మనును. తాతవద్ద సిగరెట్లున్నవి! పిల్లవానికి వినయము నేర్పుటకే ఆ పంపకము. తెర క్రింద వచ్చు ఇంగ్లీషును నేను తెలుగున చెప్పుచుండగా, ఒక కుర్రవాడు లేచి, “మేస్టారూ, ఆడి తాత అచ్చం మా తాతే” అనెను. బడియంతయు నవ్వెను. నానూకును చూచి నవ్విన నవ్వు వంటిది కాదది.

ఆ దినమున పిల్లలకొక పని పెట్టితిని. తమ తాతల చిన్ననాట బడిలో శిక్షలెట్లుండెడివో, పొరుగూరికి ఏ త్రోవను నడచిపోయెడివారో అడిగి వ్రాసికొని రావలెను. మీ మనుమలును అట్టి ప్రశ్నలతో వచ్చినచో కసరక, తీరికగా కూర్చుండబెట్టి చెప్పవలెనని నా ప్రార్థన.