బేతాళ కథలు – బృహత్కథ నుండి చందమామ వరకు

గ్రంథాలయమునకు పెద్దలు వార్తల కొరకు వత్తురు. పిల్లలు కథల కొరకు వత్తురు. మాంత్రికులు, రాక్షసులు, మాటలాడు శవములు గల పుస్తకములను పిల్లల చేతి కిచ్చుట తగునా యను శంక పెద్దలలో కొందరికి ఎల్ల కాలములందును కలదు. ఈ శంకకు వాదముచేత కంటె చరిత్రచేత సమాధానము చెప్పుట మేలు. అందులకు బేతాళ కథల చరిత్ర చాలును.

ఆ చరిత్రకు మొదట ఒక ఐతిహ్యము కలదు. శాతవాహన రాజు కొలువున గుణాఢ్యుడను పండితుడుండెను. రాజునకు సంస్కృతము నేర్పు విషయమై పందెమొడ్డి యోడిపోయి, అతడు సంస్కృతమును, ప్రాకృతమును, దేశభాషను గూడ విడిచి అడవులకు పోయెను. అచట పైశాచీ భాషలో ఏడు లక్షల శ్లోకముల బృహత్కథను, సిరా లేనందున, తన నెత్తుటితో వ్రాసెను. శిష్యులా గ్రంథమును రాజునకు చూపగా, పైశాచీ భాషయు నెత్తుటి యక్షరములును అతనికి రోతగా తోచెను. గుణాఢ్యుడు కొండపై అగ్నిగుండమును రగిల్చి, ఒక్కొక్క పత్రమును అడవి మృగములకు చదివి వినిపించి మంటలో వేయజొచ్చెను. మృగములు మేత మాని, కన్నీరు కార్చుచు వినుచుండెను. ఈ సంగతి తెలిసి రాజు పరుగున వచ్చునప్పటికి ఆరు లక్షల శ్లోకములు బూడిదయ్యెను. మిగిలినది ఒక్క లక్ష.

ఇది ఐతిహ్యమే. అయినను అందలి సత్యమును చరిత్ర ధ్రువపరచుచున్నది. గుణాఢ్యుని మూలగ్రంథము నేడు లభ్యము కాదు. దానిని పిలుచుకొని వచ్చిన తరువాతి గ్రంథములే నిలిచినవి. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది కథాసరిత్సాగరము. 11వ శతాబ్దమున కాశ్మీర దేశమందు సోమదేవుడు, అనంతరాజు భార్యయైన సూర్యమతీదేవి ప్రీతికొరకు, దీనిని సంస్కృతమున రచించెను. బేతాళ కథలు ఇరువదియైదును ఇందు చేరియున్నవి. కాశ్మీర కవి వ్రాసినను కథానాయకుని నివాసము గోదావరీ తీరమే. ప్రతిష్ఠానపురము, అనగా నేటి మహారాష్ట్రమునందలి పైఠాన్, అతని నగరము. సోమదేవుడు అతనిని త్రివిక్రమసేనుడని పిలిచెను. జనవాక్యమున అతడే విక్రమార్కుడయ్యెను.

కథాక్రమము అందరెరిగినదే. సన్యాసికి మాట యిచ్చిన రాజు అర్ధరాత్రమున శ్మశానమునకేగి, చెట్టునుండి శవమును దించి భుజముపై వేసికొని నడచును. శవమునందలి బేతాళుడు కథ చెప్పి, చివర ఒక ప్రశ్న వేయును. తెలిసియు చెప్పకున్న తల పగులును. చెప్పినచో మౌనభంగమై శవము తిరిగి చెట్టెక్కును.

పెద్దల శంకకు సమాధానము ఈ ప్రశ్నలోనే యున్నది. ఒక కథలో ముగ్గురు సోదరులు తమ తమ సౌకుమార్యమును గూర్చి వాదులాడుదురు. మొదటివాడు అన్నములో శవధూమపు వాసన పసిగట్టును. ఆ ధాన్యము శ్మశానము చేరువ పొలమున పండినదని తేలును. రెండవవానిది స్త్రీల విషయమున సౌకుమార్యము. మూడవవాడు ఏడు పరుపులపై పరుండియు, అడుగుననున్న ఒక్క వెండ్రుక ఒత్తిడికి నిద్రలేచును. వాని దేహముపై ఎఱ్ఱని చార కనిపించును. వీరిలో మేటి యెవ్వడు? మూడవవాడేనని రాజు తీర్పు. మిగిలిన యిద్దరును ముందుగా విచారించి తెలిసికొని యుండవచ్చును. మూడవవాని దేహముపై చార మాత్రము ప్రత్యక్ష ప్రమాణము. దయ్యపు కథ యనుకొన్నది తుదకు సాక్ష్యమును తూచు పాఠమైనది. చివరి ప్రశ్నకు జవాబు తెలియక రాజు మౌనము వహించును. ఆ మౌనమువలననే అతని కార్యము నెరవేరును. తెలిసినది చెప్పుటయు, తెలియనిచో ఊరకుండుటయు, రెండును బాలురు నేర్వవలసినవే.

తెలుగునాట అద్భుత కథలకు ఆదరము కొత్తది కాదు. 15వ శతాబ్దమున కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికయందు విక్రమార్కుని కథలను పద్యములలో కూర్చెను. వేదము వేంకటరాయశాస్త్రిగారు కథాసరిత్సాగరమును తెలుగు వచనమున వెలయించిరి. మధిర సుబ్బన్న దీక్షితులుగారు కాశీమజిలీ కథలను పండ్రెండు భాగములుగా రచించిరి. అందలి కథయే 1951లో పాతాళభైరవి చలనచిత్రమునకు ఆధారమయ్యెను. ఆ చిత్రమును నిర్మించిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే 1947 జులైలో చందమామ మాసపత్రికను స్థాపించియుండిరి.

1952 నుండి 1980లో తాను మరణించువరకు చందమామను తీర్చిదిద్దినవారు కొడవటిగంటి కుటుంబరావుగారు. హేతువాద దృష్టి గల ఆ రచయితయే మాయలు, మంత్రములు గల కథలను లక్షలాది బాలుర కందించుట గమనింపదగిన విషయము. ప్రాచీనములైన ఇరువదియైదు బేతాళ కథలు ముగిసినను శీర్షిక ఆగలేదు. ఆ చట్రముననే కొత్త కథలు, కొత్త ప్రశ్నలు పుట్టినవి. చిత్రకారుడు శంకర్ గీసిన రూపము, ఒక చేత కత్తి, భుజముపై శవము, తెలుగు పిల్లల మనస్సులలో విక్రమార్కునకు స్థిరరూపమయ్యెను. తోకచుక్క మొదలుకొని దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలకు చిత్రా గీసిన బొమ్మలును అట్టివే.

1985లో రామానంద సాగర్ నిర్మించిన విక్రమ్ ఔర్ బేతాళ్ దూరదర్శన్‌లో హిందీలో ప్రసారమయ్యెను. విక్రమునిగా నటించిన అరుణ్ గోవిల్, 1987లో ఆరంభమైన రామాయణమున రాముడై దేశమంతట ప్రసిద్ధుడయ్యెను. తెర వచ్చినచో పుస్తకము పోవునని భయపడిన వారున్నారు. తెర చేసిన మేలును కాదనరాదు. అక్షరములు రాని బాలునకు సయితము అది బేతాళుని పరిచయము చేసెను. కాని తెరపై ప్రశ్న వెంటనే జవాబు వచ్చును. పుస్తకమున బాలుడు ప్రశ్నవద్ద వ్రేలుంచి, పుట మూసి, తన తీర్పు తాను ఆలోచించుకొనగలడు. కావున తెరపై చూచినదానిని మూలమున చదివింప వలెనే గాని, చూచినందుకు పిల్లలను మందలింప బనిలేదు.

2010 దశకమున చందమామ ప్రచురణ నిలిచిపోయెను. 2020లో శంకర్ కన్నుమూసెను. పాత సంచికలు గృహములలో, గ్రంథాలయములలో మిగిలియున్నవి. చినిగిన సంపుటమును బైండు చేయించుటయు, ఇంట మూలబడిన సంచికను గ్రంథాలయమున కిచ్చుటయు చందాదారులు చేయదగిన పనులు. పిల్లలకు సూచించునప్పుడు క్రమము పాటించుట మంచిది: మొదట చందమామ బేతాళ కథలు, పిదప దాసరివారి ధారావాహికలు, పిదప కాశీమజిలీలు, కొంత ఈడు వచ్చిన పిమ్మట కథాసరిత్సాగరము. పెద్దలొకరు బిగ్గరగా చదివి, ప్రశ్నవద్ద ఆగినచో మరింత మేలు.

శాతవాహనుడు ఆలస్యముగా వచ్చి ఏడింట ఒక పాలును కాపాడెను. ఆ ఒక్క పాలే ఇన్ని శతాబ్దముల బాలురను అలరించినది. గ్రంథాలయము గల గ్రామమున పత్రములు మంటలో పడువరకు ఎవ్వరును వేచియుండ నక్కరలేదు.