మైకు ముందు బిల్ వైట్

1953 వేసవి. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, డాన్‌విల్ బేస్‌బాల్ జట్టు. ఊరూరూ బస్సులో తిరిగి ఆడే కుర్రాళ్లు. ఆ జట్టులో ఫస్ట్ బేస్ దగ్గర నిలబడే పంతొమ్మిదేళ్ల కుర్రాడు నల్లజాతివాడు కావడం దక్షిణాది ప్రేక్షకులకు కంటగింపు అయింది. పేరు బిల్ వైట్. ఒహాయో రాష్ట్రంలోని వారెన్‌లో పెరిగాడు. డాక్టరు కావాలని హైరమ్ కాలేజీలో చేరినవాడు, చదువు ఖర్చుకు పనికొస్తుందని న్యూయార్క్ జెయింట్స్ క్లబ్బుతో ఒప్పందం మీద సంతకం చేశాడు. వాళ్లు అతన్ని ఇక్కడికి పంపారు.

ఫస్ట్ బేస్ ప్రేక్షకులకు బాగా దగ్గర. ఒక్కొక్క తిట్టూ స్పష్టంగా వినిపిస్తుంది. దారిలో హోటల్ దగ్గర బస్సు ఆగితే అందరూ దిగి లోపలికి వెళ్లి తినేవాళ్లు, అతనికి మాత్రం తిండి బస్సులోకే వచ్చేది. ఒక రాత్రి ఇక ఓర్చుకోలేక, తిడుతున్న జనం వైపు తిరిగి మధ్యవేలు చూపించాడు. ఆట ముగిసేసరికి బస్సు దారి పొడవునా గుంపు. తెల్లజాతి సహచరులు బ్యాట్లు చేతపట్టి, అతన్ని నడిమిన పెట్టుకుని, బస్సు దాకా నడిపించారు. రాళ్లు వచ్చి బస్సుకు తగిలాయి.

అంత జరిగినా వైట్ ఆట మానలేదు. 1956లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి, మొట్టమొదటిసారి బ్యాట్ పట్టినప్పుడే హోమ్ రన్ కొట్టాడు. ఫస్ట్ బేస్ ఫీల్డింగ్‌కు ఏడు గోల్డ్ గ్లవ్ పురస్కారాలు అందుకున్నాడు. 1964లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టులో ఉండి, న్యూయార్క్ యాంకీస్‌ను ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచాడు.

వీటన్నిటికంటే నేను పెద్దగా తలచేది 1961 నాటి ఒక ఉదయం. ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కార్డినల్స్ శిక్షణ శిబిరం. ఊరి పెద్దలు యాట్ క్లబ్బులో ఆటగాళ్లకు అల్పాహార విందు ఏర్పాటు చేశారు. పిలుపు అందినవారి జాబితా జట్టు గదిలో అంటించారు. అందులో నల్లజాతి ఆటగాడి పేరు ఒక్కటీ లేదు. వైట్ ఆ సంగతిని లోపల దాచుకోలేదు, అసోసియేటెడ్ ప్రెస్ విలేకరికి చెప్పేశాడు. వార్త దేశమంతా పాకింది. కార్డినల్స్ యజమాని బుష్ గారి బీరు వ్యాపారం సెయింట్ లూయిస్‌లో నల్లజాతి కొనుగోలుదారుల మీద కూడా ఆధారపడిందే. బహిష్కరణ మాట లేచేసరికి అందరికీ హఠాత్తుగా వినికిడి వచ్చింది. ఆ తర్వాత జట్టు మొత్తం, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కుటుంబాలతో సహా, ఒకే మోటెల్‌లో దిగింది. పెద్ద పేరున్న ఆటగాడు స్టాన్ మ్యూజియల్ కూడా అక్కడికే వచ్చాడు.

మైక్రోఫోన్ అలవాటు ఆటగాడిగా ఉండగానే సెయింట్ లూయిస్‌లోని కేఎంఓఎక్స్ రేడియోలో మొదలైంది. ఫిలడెల్ఫియాకు మారాక అక్కడి టీవీలో క్రీడావార్తలు చదివాడు. 1971లో యాంకీస్ అధ్యక్షుడు మైకేల్ బర్క్ కబురు పంపాడు. తమను ఓడించినవాడినే తమ గొంతుగా ఉండమని అడిగాడు.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. రిటైరైన ఆటగాడు సాధారణంగా పక్క కుర్చీలో కూర్చుంటాడు. బంతి ఎందుకు అలా తిరిగింది, బ్యాటర్ ఏం పొరపాటు చేశాడు అని విడమరిచి చెప్పడం అతని పని. అంతకుముందే 1965లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ ఏబీసీ చానెల్‌లో ఆ విశ్లేషకుడి కుర్చీలో కూర్చున్నాడు. వైట్‌కు ఇచ్చింది రెండో కుర్చీ కాదు, మొదటిది. ఎవరు బంతి వేస్తున్నారు, అది ఎటు పోయింది, ఎవరు పరుగెత్తుతున్నారు, స్కోరెంత అని క్షణక్షణం చెప్పే కుర్చీ. క్రికెట్‌ను రేడియోలో వింటూ పెరిగిన మన పెద్దవాళ్లకు ఆ గొంతు విలువ వేరే చెప్పనక్కర్లేదు. మేజర్ లీగ్ జట్టు మ్యాచ్‌లను ఏడాది పొడవునా అలా చెప్పిన మొదటి నల్లజాతి మనిషి బిల్ వైట్.

అతని పక్కన ఫిల్ రిజుటో ఉండేవారు. ఒకప్పటి యాంకీస్ షార్ట్‌స్టాప్. మ్యాచ్ మధ్యలో శ్రోతల పుట్టినరోజులు చదివేవారు, ఇటాలియన్ మిఠాయిలను మెచ్చుకునేవారు, మెరుపు మెరిస్తే వణికిపోయేవారు. వంతెన మీద ట్రాఫిక్‌కు భయపడి ఆట ముగియకుండానే ఇంటిదారి పట్టేవారు. ఆయన స్కోరు పుస్తకంలో అక్కడక్కడా ‘డబ్ల్యూడబ్ల్యూ’ అని ఉండేది. అంటే ‘వాజంట్ వాచింగ్’, ‘చూడలేదు’ అని! ఆయన మాట ఎటు కొట్టుకుపోయినా ఆటను పట్టుకుని ఉండేవాడు వైట్. అతన్ని ఎప్పుడూ ఇంటిపేరుతోనే పిలిచేవారు రిజుటో. ఒక ఇటాలియన్ వలసదారుల బిడ్డ, ఒక నల్లజాతి బిడ్డ పక్కపక్కన కూర్చుని నవ్వుకుంటుంటే న్యూయార్క్ ఇళ్లలో జనం ఆ నవ్వు కోసం టీవీ పెట్టుకునేవారు. అది పద్దెనిమిదేళ్లు సాగింది.

1978 అక్టోబరు 2, సోమవారం మధ్యాహ్నం. బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్. జులైలో పద్నాలుగు మ్యాచ్‌ల వెనక ఉన్న యాంకీస్, చివరికి బోస్టన్ జట్టు రెడ్ సాక్స్‌తో సమంగా 99 విజయాల దగ్గర ఆగింది. డివిజన్ ఎవరిదో తేల్చడానికి ఈ ఒక్క మ్యాచ్. ఏడో ఇన్నింగ్స్‌కు బోస్టన్ 2-0తో ముందుంది. యాంకీస్ ఆటగాళ్లు ఇద్దరు బేస్‌ల మీదున్నారు, ఇద్దరు అవుటయ్యారు. బ్యాట్ పట్టింది బకీ డెంట్. ఆ ఏడాది అప్పటిదాకా అతను కొట్టినవి నాలుగే హోమ్ రన్లు. మామూలుగా అయితే అతని బదులు వేరొకరిని దింపేవారు. కానీ సహచరుడు విల్లీ రాండాల్ఫ్ గాయపడి ఉండడంతో ఇన్‌ఫీల్డ్‌కు మనుషులు చాలరు.

డెంట్ కొట్టిన బంతి ఒకటి అతని కాలికే తగిలింది. నొప్పితో కుంటాడు. ఆట ఆగింది. ఈ లోగా తర్వాత ఆడాల్సిన మిక్కీ రివర్స్, డెంట్ బ్యాట్ చిట్లిందని గమనించి మరొకటి అందించాడు. బోస్టన్ పిచ్చర్ మైక్ టొరెజ్ ఆ విరామంలో చెయ్యి వేడెక్కించుకోలేదు. తర్వాతి బంతి ఎడమవైపు లేచింది. అక్కడ ముప్పై ఏడు అడుగుల పచ్చ గోడ.

టీవీ మైకు ముందున్నది వైట్. బంతి లోతుగా ఎడమవైపు పోతోందన్నాడు. అక్కడి బోస్టన్ ఫీల్డర్ యాస్ట్రెమ్‌స్కీ దాన్ని అందుకోలేడన్నాడు. హోమ్ రన్, మూడు పరుగులు, యాంకీస్ 3-2 అన్నాడు. గొంతు పెరిగింది కానీ వివరం ఏదీ జారిపోలేదు. వెర్రికేకలు వేయడానికి అంతకంటే మంచి సందర్భం ఆ ఉద్యోగంలో మళ్లీ దొరికేది కాదు. అతను ముందు స్కోరు చెప్పాడు. ఆ నిబ్బరం నాకు గొప్పగా అనిపిస్తుంది. మైదానంలో నిలబడ్డందుకే తిట్లు తిన్న మనిషి, ఆ మైదానంలో ఏం జరిగిందో లక్షల ఇళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ మ్యాచ్ యాంకీస్ 5-4తో గెలిచింది, ఆ ఏడాది వరల్డ్ సిరీస్ కూడా.

1989లో బార్ట్ జియామాటీ బేస్‌బాల్ కమిషనర్‌గా వెళ్లగా, ఖాళీ అయిన, మేజర్ లీగ్‌లోని రెండు లీగ్‌లలో ఒకటైన నేషనల్ లీగ్ అధ్యక్ష పదవికి వైట్‌ను ఎన్నుకున్నారు. అమెరికా క్రీడారంగంలో అప్పటికి నల్లజాతి మనిషికి దక్కిన అత్యున్నత పదవి అది. ఆ కుర్చీ కోసం మైకు వదిలాడు.

రిజుటో 1956లో ఆట మానేసినప్పటి నుంచీ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ పిలుపు కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. 1994 ఫిబ్రవరిలో వెటరన్స్ కమిటీ ఆయన్ని ఎన్నుకుంది. ఆ కమిటీ సభ్యుల్లో బిల్ వైట్ ఒకడు. ఆ వేసవిలో హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న కూపర్స్‌టౌన్‌లో వేదిక ఎక్కిన రిజుటో, మ్యాచ్ మధ్యలో చెప్పినట్టే, ఒక కథలోంచి ఇంకో కథలోకి తిరుగుతూ ఉపన్యాసం సాగించారు. మధ్యలో తన చుట్టూ ముసురుతున్న ఈగల మీద కూడా విసుక్కున్నారు.