సెంటర్ బేరింగ్

సెంటర్ బేరింగ్ అంటే, కారు అడుగున ముందు నుంచి వెనక్కి సాగే ప్రొపెల్లర్ షాఫ్టును మధ్యలో పట్టి ఉంచే బేరింగ్. లారీలు, సుమోలు బాగుచేసే మెకానిక్కులకు బాగా తెలిసిన భాగమిది. ముందువైపు ఇంజను ఉన్న ఆల్ వీల్ డ్రైవ్ కార్లలోనూ వెనక చక్రాలకు శక్తిని చేరవేసే షాఫ్టుకు ఇదే ఊతం. పేరు బేరింగే గానీ, చాలాసార్లు ముందుగా పాడయ్యేది దాని చుట్టూ ఉండే రబ్బరు.

పొడవాటి షాఫ్టు వేగం హద్దు దాటితే నడుమ భాగం విల్లులా వంగి ఊగడం మొదలవుతుంది. ఆ హద్దును క్రిటికల్ స్పీడ్ అంటారు. షాఫ్టు పొడవును సగం చేస్తే ఈ హద్దు నాలుగు రెట్లు పెరుగుతుంది. అందుకే షాఫ్టును రెండు ముక్కలు చేసి, మధ్యలో బేరింగ్ పెడతారు. చుట్టుకొలత 2 మీటర్లున్న చక్రం గంటకు 100 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి సుమారు 830 సార్లు తిరుగుతుంది. వెనక డిఫరెన్షియల్ నిష్పత్తి 3.5 అయితే షాఫ్టు 2,900 సార్లకు పైగా తిరగాలి. ఆ వేగంలో పుట్టే అదురు కారు ఫ్లోరుకు తగలకుండా మింగడమే రబ్బరు పని. రబ్బరు బయట ఉన్న ఇనుప బ్రాకెట్ బోల్టులతో ఫ్లోరుకు బిగిసి ఉంటుంది. కార్లలో ఈ బేరింగ్ సాధారణంగా సీలు చేసి వస్తుంది కాబట్టి గ్రీజు కొట్టే పని లేదు.

ఈ రబ్బరు చిరిగే లోపానికి పేరుపడ్డవి 2002లో వచ్చిన మొదటి తరం పోర్షే కయెన్, దాని జంట వోక్స్‌వాగన్ టూవరెగ్. వీటిలో బేరింగ్ బాగానే ఉంటుంది, రబ్బరు మాత్రం చుట్టూ చిరిగిపోతుంది. పట్టు తప్పిన షాఫ్టు యాక్సిలరేటర్ తొక్కగానే ఎగిరి ఫ్లోరును దబదబా బాదుతుంది. ఆ మోత విని గేర్‌బాక్సే పోయిందని బెంబేలెత్తిన యజమానులు ఎందరో. కంపెనీ షాఫ్టు మొత్తం మార్చమనేది. బయటి తయారీదారులు బేరింగ్, రబ్బరు విడిగా అమ్మడం మొదలుపెట్టాక ఖర్చు బాగా తగ్గింది. రబ్బరు గొట్టం ముక్కలు కుక్కి, ప్లాస్టిక్ టైలతో బిగించి బండి నడిపినవారూ ఉన్నారు. ఇల్లు చేరడానికి అది చాలు, అంతకుమించి నమ్మకూడదు.

తనిఖీ కష్టమేమీ కాదు. కారును లిఫ్టు మీదికెత్తి, ఇంజను ఆపి, బేరింగ్ పక్కన షాఫ్టును చేత్తో పైకీ కిందికీ కదపాలి. కొద్దిగా కదిలి మళ్లీ తన చోటికి వస్తే సరే, బ్రాకెట్‌లో వదులుగా ఆడితే రబ్బరు పోయినట్టే. టార్చి వేస్తే చిరుగు కనబడుతుంది. మోత వేరేచోటి నుంచీ రావచ్చు. వీల్ బేరింగ్ మోతైతే మలుపుల్లో హెచ్చుతగ్గులవుతుంది. రివర్సు నుంచి ముందు గేరుకు మార్చినప్పుడు ‘టక్’మంటే షాఫ్టు కీలు (యూనివర్సల్ జాయింట్)లోని యూజే క్రాసును చూడాలి.

షాఫ్టు విప్పేముందు ఫ్లాంజీల మీద పెయింటుతో గుర్తు పెట్టుకోవడం తప్పనిసరి. వంపులో పనిచేసే క్రాసు వల్ల షాఫ్టు వేగం ఒక్కో చుట్టులో రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. రెండు కొసల క్రాసులు సరైన వరసలో ఉంటేనే ఒకదాని తేడాను మరొకటి సరిచేస్తుంది. బ్రాకెట్ కింద వాషర్లుంటే అవీ అదే లెక్కన తిరిగి వేయాలి. ఈ రెండూ మరిచి, కొత్త బేరింగ్ వేసినా అదురు తగ్గలేదని దానికే వంక పెట్టడం గ్యారేజీల్లో మామూలే.

మిగతా డ్రైవ్‌ట్రెయిన్‌లో ఆయిలే ప్రాణం. ముందు చక్రాల శక్తిని షాఫ్టుకు మళ్లించే పవర్ ట్రాన్స్‌ఫర్ యూనిట్‌లో చాలా కార్లకు ఆయిలు లీటరులోపే పడుతుంది, అదీ సైలెన్సర్ గొట్టాల వేడి పక్కన. 1998 నుంచి ఆడి టీటీ వంటి కార్లలో వాడుకలోకి వచ్చిన, వెనక చక్రాలకు శక్తిని కలిపే హాల్డెక్స్ కప్లింగ్‌లో క్లచ్ ప్లేట్ల అరుగుదల ఆయిల్లోనే చేరుతుంది. ఐదో తరం హాల్డెక్స్‌లో పంపు జల్లెడ పూడుకుపోతే పంపే కాలిపోవచ్చు. ఆయిలు మార్చినప్పుడే జల్లెడా కడిగించాలి.

టైర్ల అరుగుదలలో తేడా ఉన్నా కప్లింగులు వేడెక్కుతాయి. నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య తేడా 6 మిల్లీమీటర్ల చిల్లర దాటకూడదని సుబారు చెబుతుంది. ఆల్ వీల్ డ్రైవ్ కారు దారిలో ఆగిపోతే రెండు చక్రాలు పైకెత్తి లాక్కెళ్లనివ్వకండి. ఫ్లాట్‌బెడ్ లారీ పిలిపించండి.