ఫ్లెక్సీ బ్యానర్లు – పర్యావరణం

పీవీసీ పూసిన పాలియెస్టర్ వల మీద డిజిటల్ యంత్రంతో బొమ్మలు, అక్షరాలు అచ్చువేసి ఆరుబయట కట్టే ప్రకటనను తెలుగునాట ఫ్లెక్సీ అంటారు. 2000 తర్వాతి దశాబ్దంలో ఇది గుడ్డ బ్యానర్‌ను, చేత్తో గీసిన సినిమా కటౌట్‌ను, చాలావరకు గోడరాతను కూడా పక్కకు నెట్టేసింది. నాయకుడి పుట్టినరోజు, కొత్త సినిమా, వినాయక చవితి పందిరి, ఓణీల వేడుక, కాలేజీ ర్యాంకులు, పెద్దకర్మ... ఏది వచ్చినా ముందు ఫ్లెక్సీ కొట్టించాలి అనుకునేంతగా అలవాటైంది. దాని వల్ల వచ్చే చిక్కంతా ఒక్కచోట ఉంది. రెండు రోజుల పనికి, దశాబ్దాల పాటు మట్టిలో కలవని సరుకు వాడుతున్నాం. ఆరుబయట ప్రకటనల నష్టాన్ని తగ్గించే మార్గాలను తూచాల్సింది ఈ తేడాను అవి ఎంతవరకు పూడ్చగలవన్న లెక్కతోనే.

సరుకు

పాత ఫ్లెక్సీ ముక్కను అంచు పట్టుకుని చింపితే లోపలి సంగతి కనిపిస్తుంది. రెండు తెల్లటి పొరలు, మధ్యలో దోమతెర లాంటి సన్నని దారాల అల్లిక. పొరలు పీవీసీ, దారాలు పాలియెస్టర్. పీవీసీ స్వతహాగా గట్టిది, నీళ్ల గొట్టాలు చేసేది దానితోనే. చుట్టకు చుట్టగలిగేంత మెత్తగా రావడానికి థాలేట్ల వంటి రసాయనాలు కలుపుతారు. పీవీసీ వాటిని గట్టిగా పట్టి ఉంచుకోలేదు. ఎండకు, వేడికి అవి కొద్దికొద్దిగా బయటికొస్తాయి. నూనె, కొవ్వు ఉన్న పదార్థం తగిలితే అందులోకి ఇంకా సులువుగా చేరతాయి. రెండు వేసవులు ఆరుబయట ఉన్న ఫ్లెక్సీ మడత దగ్గర విరిగి పొడి రాలుతుంది. ఆ పొడి అంతా ప్లాస్టిక్ రేణువులే.

సిరాది మరో సంగతి. చవకగా పనయ్యే యంత్రాలు ఎక్కువగా సాల్వెంట్ సిరాతో నడుస్తాయి. ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులోకి అడుగుపెట్టగానే ముక్కుకు ఘాటుగా తగిలే వాసన ఆ ద్రావకం ఆవిరవుతున్నదే. మూడు వైపులా గోడలు, ముందు షట్టరు ఉన్న చిన్న గదిలో రోజంతా ఆ గాలి పీల్చేది యంత్రం పక్కన నిలబడ్డ కుర్రాడు. పర్యావరణం అనగానే చెరువూ సముద్రమూ గుర్తొస్తాయి గానీ, ఈ సరుకు మొదట తాకేది అతని ఊపిరితిత్తులనే.

ఫ్లెక్సీ బరువును చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని లెక్కిస్తారు. 300 గ్రాముల రకం తీసుకుంటే, వీధి మలుపులో కట్టే పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తు బ్యానర్ రెండుంపావు కిలోల దాకా తూగుతుంది. నలభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల ఎత్తు హోర్డింగుకు పరిచేది 22 కిలోలు. ప్రకటన మారిన ప్రతిసారీ ఆ 22 కిలోలూ దిగి, మరో 22 కిలోలు ఎక్కుతాయి.

దించిన తర్వాత

ఫ్లెక్సీని కరిగించి మళ్లీ సరుకుగా మార్చడం కష్టం. రెండు వేర్వేరు ప్లాస్టిక్‌లు ఒకదానికొకటి అంటుకుని, పైన సిరాతో ఉంటాయి. పొరలను విడదీసే ఖర్చు తిరిగొచ్చే సరుకు విలువను మించిపోతుంది. అందుకే పాత ఇనుముకు, అట్టపెట్టెలకు పరుగెత్తే తుక్కు వ్యాపారి దీన్ని ముట్టుకోడు.

తగలబెట్టడం అన్నింటికంటే చేటు. పీవీసీ రెసిన్ బరువులో సగానికి పైగా, దాదాపు 57 శాతం, క్లోరినే. మంట పెడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. చెత్తకుప్పలో లాగా తక్కువ వేడిలో పొగలుగక్కుతూ కాలితే డయాక్సిన్లు కూడా పుడతాయి. ఇవి కొవ్వులో నిలవుండి పశువుల పాల ద్వారా మనుషుల దాకా చేరే విషాలు. పండగ మర్నాడు పందిరి దగ్గర చెత్తంతా పోగేసి నిప్పు పెట్టడం మామూలుగా జరిగేదే. ఆ కుప్పలో ఆకులు, కాగితాలు ఉంటే పొగ. ఫ్లెక్సీ ఉంటే విషం.

ప్లాస్టిక్ చెత్తను సిమెంటు కొలుముల్లో బొగ్గుకు తోడుగా మండించే పద్ధతి ఉంది. అక్కడి వేడి చాలా ఎక్కువ కాబట్టి మామూలు ప్లాస్టిక్‌కు అది పనికొస్తుంది. ఫ్లెక్సీకి మాత్రం అక్కడా క్లోరినే అడ్డం. అది కొలిమిలోని క్షారాలతో కలిసి ఆవిరై, పైకి వెళ్లి చల్లబడిన చోట గోడలకు పేరుకుని దారి మూసేస్తుంది. కాబట్టి కర్మాగారాలు క్లోరిన్‌కు గట్టి పరిమితి పెట్టుకుంటాయి. పల్నాడులోనో సూర్యాపేట జిల్లాలోనో సిమెంటు ఫ్యాక్టరీలు దగ్గరలో ఉన్నాయి కదా, పాత ఫ్లెక్సీలన్నీ అక్కడికి పంపేస్తే సరిపోతుందనుకోవడం కుదరదు.

పేదవాళ్ల ఇళ్లలో ఫ్లెక్సీకి రెండో జన్మ ఉంది. గుడిసె పైకప్పు మీద, గడ్డివాము మీద, ఇడ్లీబండి నెత్తిన, పశువుల కొట్టం పక్కన తడికకు బదులు, తలకిందులైన నాయకుడి ముఖంతో కనిపించేది అదే. వాన ఆపడానికి అంత చవకైన వస్తువు మరొకటి దొరకనివాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఎలాగూ తయారైన సరుకు నాలుగు రోజులు ఎక్కువ పనికిరావడం మంచిదే. అయితే దాని మీద ధాన్యం, మిరపకాయలు, వడియాలు ఆరబెట్టకూడదు. పొడి రాలడం మొదలైన ముక్కను పొలంలో వదిలేయకూడదు. ఈ మళ్లీ వాడకం నష్టాన్ని వాయిదా వేస్తుందే తప్ప తీసేయదు. ఒక ఊరి గడ్డివాములన్నిటికీ చాలినన్ని ఫ్లెక్సీలు ఒక్క ఎన్నికల ప్రచారంలోనే పోగవుతాయి.

చట్టాలు, నిషేధాలు

కేంద్రం 2021 ఆగస్టులో ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలను సవరించి, 2022 జులై 1 నుంచి కొన్ని ఒకసారి వాడి పారేసే వస్తువులను నిషేధించింది. ఆ జాబితాలో 100 మైక్రాన్ల కంటే పలుచనైన ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లు ఉన్నాయి. మామూలుగా కట్టే ఫ్లెక్సీ మందం అంతకంటే ఎక్కువ. అంటే వీధుల్లో కనిపించేవాటిలో అధిక భాగాన్ని ఆ నియమం అసలు తాకదు. క్యారీబ్యాగుకు మందం పెంచితే జనం దాచుకుని మళ్లీ వాడతారన్న తర్కం ఉంది. ఫలానా తేదీ వేసిన పుట్టినరోజు ఫ్లెక్సీకి ఆ తర్కం వర్తించదు. మందం పెరిగితే పెరిగేది చెత్తే.

ఆంధ్రప్రదేశ్ ఇంతకంటే ముందుకు వెళ్లింది. 2022 ఆగస్టు 26న విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తున్నట్టు ప్రకటించారు. సముద్రంలో చేరే ప్లాస్టిక్ మీద పనిచేసే పార్లే ఫర్ ది ఓషన్స్ సంస్థతో ఒప్పందం కుదిరిన సభ అది. ఫ్లెక్సీల బదులు గుడ్డ బ్యానర్లు వాడాలన్నారు. నవంబరు 1 నుంచి అమలు చేస్తామన్న ఉత్తర్వు, షాపుల యజమానులు గడువు అడగడంతో 2023 జనవరి 26కు వాయిదా పడింది. వాళ్ల బాధలో న్యాయం లేకపోలేదు. లక్షల అప్పు తెచ్చి యంత్రం కొన్నవాడికి ఇంత తక్కువ సమయంలో గుడ్డకు మారమంటే సిరా, యంత్రం, సరుకు అన్నీ మార్చాలి. గడువు, రుణసాయం ముందే చూసి నిషేధం పెడితే ఫలితం నిలబడుతుంది. ఆ పని వదిలేస్తే పది రోజులు తనిఖీలు జరిగి పదకొండో రోజు పాత యంత్రమే తిరుగుతుంది.

కేరళ 2019 ఆగస్టులో పీవీసీ ఫ్లెక్సీలను నిషేధించింది. అక్కడి పద్ధతిలో గమనించాల్సింది ఒకటుంది. బ్యానర్ కట్టినవాడితో పాటు అచ్చువేసినవాడినీ బాధ్యుణ్ని చేశారు. ఇది తెలివైన పని. పదివేల స్తంభాలకు కట్టిన బ్యానర్లను వెతకడం కంటే పట్టణంలోని పాతిక షాపులను చూసుకోవడం తేలిక. కింది మూలన అచ్చువేసిన షాపు పేరు, కట్టిన తేదీ, దించాల్సిన తేదీ ఉండాలన్న నియమం ఏ పురపాలక సంఘమైనా రేపటి నుంచి పెట్టుకోగలదు. దానికి కొత్త యంత్రమేమీ అక్కర్లేదు.

ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే బహిరంగ స్థలాలను వికృతం చేయకుండా ఒక చట్టం వచ్చింది. కొరత చట్టాలది కాదు. ఫ్లెక్సీ మీద అధికారంలో ఉన్నవాళ్ల ముఖం ఉన్నప్పుడు, దాన్ని దించాల్సిన మున్సిపల్ సిబ్బంది నిచ్చెన ఎక్కడానికి వెనకాడతారు. అసలు సమస్య అక్కడుంది.

గుడ్డ, కాగితం, గోడ

నూలు గుడ్డ మట్టిలో కలుస్తుంది, ఉతికి సంచిగా కుట్టుకోవచ్చు. అయితే ‘క్లాత్ బ్యానర్’ పేరుతో అమ్మేదంతా నూలు కాదు. చాలావరకు పాలియెస్టరే. తేల్చుకోవడానికి అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపిస్తే చాలు. నూలు అయితే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. పాలియెస్టర్ అయితే ముడుచుకుని, కరిగి, చివర గట్టి పూసలా మిగులుతుంది. పాలియెస్టర్ గుడ్డలో క్లోరిన్ ఉండదు కాబట్టి పీవీసీ కంటే నయం, కానీ అదీ ప్లాస్టిక్కే.

నూలుకూ ఒక వెల ఉంది. పత్తి పండించడానికి నీళ్లు, ఎరువులు, పురుగుమందులు పోయాలి. ఒక్క పూట కట్టి పారేస్తే అది కూడా దుబారానే. పాలిథీన్ అల్లికతో చేసిన బ్యానర్ మరో దారి. ఒకే రకం ప్లాస్టిక్ కాబట్టి కరిగించి మళ్లీ వాడొచ్చు. వెనక్కి తెచ్చి అప్పగించే ఏర్పాటు లేకపోతే మాత్రం అదీ కాలువలోకే చేరుతుంది.

ఫ్లెక్సీకి ముందు ఊళ్లలో సైన్‌బోర్డు ఆర్టిస్టులుండేవారు. చిన్న ఫొటో మీద గళ్లు గీసుకుని, అవే గళ్లను పెద్దవి చేసి ముప్పై అడుగుల హీరో ముఖాన్ని దించేవారు. చదరపు అడుగుకు పదీ ఇరవై రూపాయల్లో గంటకల్లా చేతికొచ్చే ఫ్లెక్సీతో వాళ్లు పోటీపడలేకపోయారు. గోడకు సున్నం కొట్టి మళ్లీ రాయడంలో దించి పారేసే చెత్త ఉండదు. పాత ఎనామెల్ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేదన్నది నిజం. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. కాబట్టి ఇప్పుడు చేతిరాతకు తిరిగి వెళ్తే ఆ పాత దోషాన్ని మోసుకెళ్లనక్కర్లేదు.

ఎత్తు, వెలుగు, చెట్టు

పెద్ద హోర్డింగుల నష్టం వేరే రకం. గాలి వేగం రెట్టింపైతే బోర్డు మీద పడే ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఆ లెక్క తప్పితే ఏమవుతుందో 2024 మే 13న ముంబయి ఘాట్‌కోపర్‌లో చూశాం. ఈదురుగాలికి కూలిన ఒక్క హోర్డింగ్ కింద 17 మంది చనిపోయారు. తెలంగాణ ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో జీవో 68 ద్వారా హైదరాబాద్‌లో నేల నుంచి 15 అడుగులకు మించిన ఎత్తులో ప్రకటన బోర్డులను నిషేధించింది. ప్రాణరక్షణ దాని మొదటి ఉద్దేశం. ఎత్తు తగ్గితే ఉక్కు, కాంక్రీటు వాడకం కూడా తగ్గుతుంది.

ఫ్లెక్సీ బదులు ఎల్‌ఈడీ తెర పెడితే చెత్త ఉండదని వాదిస్తారు. కరెంటు లెక్క చూడాలి. చదరపు మీటరుకు సగటున 200 వాట్లు అనుకుంటే, నలభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల ఎత్తున్న తెరకు దాదాపు 15 కిలోవాట్లు కావాలి. రోజుకు 16 గంటలు వెలిగితే 240 యూనిట్లు. గృహజ్యోతి పథకంలో తెలంగాణ ఒక కుటుంబానికి నెలంతటికీ ఉచితంగా ఇచ్చేది 200 యూనిట్లు. అర్ధరాత్రి దాటాక ఆ తెరను చూసేది వీధికుక్కలు, దీపపు పురుగులు. ఫ్రాన్స్ 2022లో దేశమంతటా రాత్రి ఒంటిగంట నుంచి ఉదయం ఆరు దాకా వెలిగే ప్రకటనలను ఆర్పేయాలని ఆదేశించింది. ఖర్చులేని, ఎవరికీ నష్టంలేని పొదుపు ఇది.

హాస్టల్ ఖాళీలు, ట్యూషన్లు, లోన్లు అంటూ చెట్లకు కొట్టే బోర్డులు పరిమాణంలో చిన్నవైనా, అవి చేసే గాయం చిన్నది కాదు. మేకు బెరడు కింద ఆహారం మోసే పొరను చీల్చుతుంది. ఆ రంధ్రంలోంచి శిలీంధ్రం, పురుగు లోపలికి పోతాయి. బోర్డు కనపడటానికి కొమ్మలు నరకడం దీనికి అదనం.

తక్కువ కట్టడం

పూర్తిగా తీసేసిన నగరాలూ ఉన్నాయి. బ్రెజిల్‌లోని సావో పాలో 2007 జనవరి 1 నుంచి హోర్డింగులన్నింటినీ నిషేధించింది. దాదాపు 15 వేల బోర్డులు దిగాయి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ 2014లో ప్రకటనల కాంట్రాక్టు పొడిగించకుండా 326 బోర్డులు తీసేసి చెట్లు నాటాలని నిర్ణయించుకుంది. ఆ ఆదాయం పోతే మన పురపాలక సంఘాలకు ఎలా అన్న ప్రశ్నకు జవాబు వెతకాల్సిందే. కానీ మన వీధుల్లో ఎక్కువ భాగం ఫ్లెక్సీలు పైసా ఆదాయం ఇవ్వనివి, అనుమతి లేకుండా రాత్రికి రాత్రి సరుగుడు కర్రలకు బిగించినవి. వాటిని ఆపితే ఖజానాకు పోయేదేమీ లేదు.

ఊరి కమిటీలు, కాలేజీలు, సంఘాలు ఇప్పుడే చేయగలిగింది తేదీని బ్యానర్ నుంచి విడదీయడం. గట్టి నూలు గుడ్డ మీద జాతర పేరు, గుడి బొమ్మ ఒక్కసారి రాయించి, సంవత్సరం, తిథి, వారం ఉండేచోట చిన్న ముక్కను విడిగా నాలుగు మూలలా కుట్టుకుంటే చాలు. ఏటా ఆ జానెడు ముక్కే మారుతుంది. ఊరి పేరూ, అమ్మవారి పేరూ మారవు గదా.