ఎల్లాప్రగడ వారి నీలిరంగు

కంటికి కనిపించని రసాయనం ఎంతుందో రంగుతో చెప్పించే విద్యలో గోదావరి గడ్డ పేరు 1925లోనే నమోదైంది. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఎల్లాప్రగడ సుబ్బారావు ఆ ఏడాది ప్రకటించిన భాస్వరం పరీక్షకు ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరు స్థిరపడిపోయింది.

సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు, రాజమండ్రిలో చదువుకున్నారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. అమెరికా చదువుకు మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండగా నిలిచారు.

పరీక్ష ఇలా సాగుతుంది. మాంసకృత్తులు తీసేసి వడగట్టిన రక్తద్రవంలో ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ కలుపుతారు. భాస్వరం ఫాస్ఫేట్ రూపంలో ఉంటే మాలిబ్డేట్ దాన్ని పట్టుకుంటుంది. ఆపైన అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం పడగానే ద్రవం నీలమవుతుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. అంతకుముందున్న బెల్-డోయిజీ పద్ధతిలో రంగు వెలిసిపోయేది.

అసలు వింత కండరాల దగ్గర ఎదురైంది. రక్తంలో నిమిషాల్లో స్థిరపడే నీలం, కండరం నుంచి తీసిన ద్రవంలో మాత్రం ఆగకుండా నెమ్మదిగా ముదురుతూనే పోయింది. మరొకరైతే లోపం పరీక్షదే అనుకుని వదిలేసేవారు. వీళ్లు వదల్లేదు. ఆ ఆమ్లంలో ఏదో పదార్థం విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదులుతోందని పట్టుకున్నారు. అదే కండరానికి శక్తి అందించే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో లోకానికి తెలిసింది. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచే వస్తుందన్న సిద్ధాంతానికి 1922లో నోబెల్ వచ్చింది; ఆ సిద్ధాంతం పునాది ఇక్కడే కదిలింది. 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీని కూడా ఈ ఇద్దరూ వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ అనే శాస్త్రవేత్త విడిగా కనుక్కున్నాడు.

ఇప్పుడు అదే ఫాస్ఫేట్‌ను వెలుగుతో పట్టే ప్రయత్నాలు సాగుతున్నాయి. 2011లో చైనా పరిశోధకులు అతినీలలోహిత కాంతిలో మెరిసే కార్బన్ నానోచుక్కలకు యూరోపియం అయాన్లను జోడించారు. యూరోపియం అంటుకుంటే మెరుపు ఆరిపోతుంది. ఫాస్ఫేట్ వచ్చి యూరోపియాన్ని లాక్కుంటే మళ్లీ వెలుగుతుంది.

భీమవరం చుట్టుపక్కల చేపల, రొయ్యల చెరువుల్లో ఇలాంటి కొలతకు ఎంతో అవసరముంది. తినగా మిగిలిన మేత కుళ్లితే నీటిలో ఫాస్ఫేట్ పెరిగి నాచు విపరీతంగా పుడుతుంది. నీటి పరీక్షల్లో నేటికీ విరివిగా వాడేది మాలిబ్డేట్‌తో వచ్చే ఆ నీలమే. మర్ఫీ, రైలీ అనే పరిశోధకుల 1962 నాటి పద్ధతిలో నీలం తెప్పించేది విటమిన్ సి. కొత్త సెన్సర్ల లెక్క సరైందో కాదో తేల్చుకోవడానికి పరిశోధకులు తరచుగా ఆ నీలం కొలతతోనే పోల్చి చూస్తారు.